అక్కలు వచ్చినయ్

మా హాస్టల్ గదిలో నలుగురం. ముగ్గురం కరీంనగర్ దిక్కు వ్యవసాయం ఇండ్ల నుంచి వచ్చినవాళ్లం. నాలుగో అతను ఉట్నూరు దగ్గరి గోండు మిత్రుడు. మొదటి ఏడు ఒక ఆదివారం అతన్ని చూడ్డానికి ఇంటి నుంచి వచ్చారు. "మా అక్కలు వచ్చినయ్, కిందికి పోయొస్త" అన్నాడు. మేం పడి పడి నవ్వాం. "వచ్చినయేందిరా, అవేమన్న బర్లా?" అన్నది నేనే. ఆ తర్వాత నెల దాకా అతడు మా ముందర పెద్దగా నోరు విప్పలేదు.

నేను చదివేది బి.ఎస్సి., భాషాశాస్త్రం కాదు. లైబ్రరీలో ద్రావిడ భాషల పుస్తకం ఒకటి తిరగేస్తే గాని ఆ "వచ్చినయ్" ఎక్కడిదో తెలియలేదు. తెలుగు, గోండి ఒక్క శాఖవే. భద్రిరాజు కృష్ణమూర్తి గారు రెండింటినీ దక్షిణ మధ్య ద్రావిడంలో చేర్చారు. ఏకవచనంలో రెంటి పద్ధతీ ఒక్కటే: మగవాడు ఒక దిక్కు, ఆడమనిషి, పశువు, వస్తువు ఇంకొక దిక్కు. "అక్క వచ్చింది" అంటాం, "బర్రె వచ్చింది" అంటాం. మనకెవరికీ నవ్వు రాదు! బహువచనం దగ్గరే దారులు చీలుతాయి. తెలుగు ఆడవాళ్లను మగవాళ్లతో కలిపి మనుషుల లెక్కలో వేస్తుంది. గోండి అక్కడ కూడా మొదటి విభజననే ఉంచుకుంటుంది. మా మిత్రుడు తన తల్లిభాష లెక్క ప్రకారమే తెలుగు మాట్లాడాడు.

ఆ గూడేలకు చదువుల భాష ఎన్నిసార్లు మారిందో చూడండి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక నిజాం ప్రభుత్వం అక్కడి పరిస్థితుల అధ్యయనానికి హైమండార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. ఆ ప్రాంతంలో మరాఠీ వాడుక కనుక గోండి వాచకాలు నాగరి లిపిలో వచ్చాయి. కచేరీ కాగితాలేమో ఉర్దూ. 1956 తర్వాత బడి తెలుగు. గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌కెక్కింది. 2011 జనగణనలో గోండి మాట్లాడేవాళ్లు 29 లక్షలకు పైనే ఉన్నా, ఎనిమిదో షెడ్యూలులో ఆ భాషకు చోటు లేదు.

మా నాయిన ఏండ్ల తరబడి గోదావరి అవతలి నుంచి పత్తి ఏరే కూలీలను పిలిపించేవాడు. వాళ్లది ఏం భాష నాయినా అంటే, "ఏమో, అడవి మాట" అన్నాడు.

పోయిన దీపావళికి దండారి చూద్దామని మిత్రుని ఊరికి పోయాను. నీళ్లను "ఏర్" అంటారని దారిలోనే నేర్చుకున్నా. మన ఏరే కదా, ఎట్లా మరుస్తాను? రండ్, ముండ్, నాలుంగ్ కూడా సులువే. సైయుంగ్ దగ్గర నాలుక మడతపడింది. అతని అవ్వ, అక్కలు ఒకటే నవ్వు. నా చెవులు వేడెక్కినయ్. "మళ్లొకసారి చెప్పు తమ్మీ" అన్నది పెద్దక్క, తెలుగులోనే. చెప్పాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, ఆ ఆదివారం నేనన్న మాట యాదికున్నదా అని అడిగిన.

"ఉన్నది" అన్నడు. ఇంకేం అనలేదు. ఉట్నూరు దాటేదాకా ఆరు నుంచి పది వరకు లెక్క నేర్పిండు.