సున్నా వేరు, ఖాళీ వేరు

పోయినేడు మా మినీ ప్రాజెక్ట్ తాండూరు కందుల మీద. 2022 డిసెంబర్‌లో జీఐ గుర్తింపు వచ్చిన పంట కదా, వికారాబాద్ జిల్లాలో దాని సాగు ఎలా మారిందో గ్రాఫ్ గీద్దాం అనుకున్నాం. 2016కి ముందు జిల్లా పేరుతో డేటా దొరకలేదు. "లేదంటే సున్నానే" అనుకుని ఆ గళ్లన్నీ సున్నాలతో నింపేశాను. కోడ్ రన్ అయింది, గ్రాఫ్ అదిరింది!

తాండూరులో తాతకి చూపిస్తే, "ఏందిరా, గంతకుముందు మేం కందులే ఏయలేదా?" అన్నాడు.

అసలు సంగతేంటంటే, వికారాబాద్ జిల్లా ఏర్పడిందే 2016 అక్టోబర్ 11న. అంతకుముందు వికారాబాద్, తాండూరు రెండూ రంగారెడ్డి జిల్లాలోవి. "అయితే పాత రంగారెడ్డి లెక్కలు కలిపేద్దాం" అన్నాడు ఫ్రెండ్. అదీ ఊహే! శంషాబాద్ లాంటివి రంగారెడ్డిలోనే ఉండిపోయాయి, కొడంగలేమో మహబూబ్‌నగర్ నుంచి వచ్చి కలిసింది. చివరికి మండలాలవారీగా లెక్కలు తీసి మొత్తం మళ్లీ చేశాం. మూడు వారాల పని పోయింది.

సింటాక్స్ తప్పైతే కంపైలర్ చెప్తుంది. మన ఊహ తప్పైతే ఏ ఎర్రరూ రాదు. అందుకే ఇప్పుడు మొదటిరోజే "మనం అనుకుంటున్నవి" అని ఒక పేజీ రాసి, ఒక్కోదాని పక్కన ఎవర్ని అడగాలో పెట్టుకుంటున్నాం. తెలియని గడిని ఖాళీగానే వదిలేస్తున్నాం.