ఫిరంగి కంటే ముందు కవాతు ఎందుకు?

విజయవాడ, కృష్ణా డెల్టా ప్రాంతాల నుంచి సైన్యంలో చేరి, హైదరాబాదులో గోల్కొండ వద్దనున్న ఆర్టిలరీ సెంటర్‌లో, అంటే ఫిరంగి దళ శిక్షణ కేంద్రంలో, అడుగుపెట్టిన యువకుడు ఫిరంగి పని కంటే ముందు కవాతు, అనగా ఆజ్ఞననుసరించి అందరూ ఒకే లయలో నడవడం, నేర్చుకోవలసి ఉంటుంది. 'తేజ్ చల్' అనే ఆజ్ఞలో సాగదీసి పలికే 'తేజ్' ఏమి చేయాలో తెలుపగా, తటాలున పలికే 'చల్' ఎప్పుడు చేయాలో తెలుపుతుంది. ఆ రెంటి నడుమ శరీరం సిద్ధమై, అందరి ఎడమ పాదమూ ఒక్కసారే కదులుతుంది. ఫిరంగి వద్ద గుండు నింపేవారు, గురి సరిచూసేవారు వేర్వేరుగా ఉంటారు కనుక, ఒకరు క్షణం తప్పితే మరొకరి వేళ్లు నలిగే ప్రమాదముంది; అందుకే ఒక్కసారే కదలడం నేర్పే కవాతు ముందు వస్తుంది. ఆశ్చర్యమేమంటే, వంతెనలపై సైనికులు కావాలనే లయ తప్పి నడుస్తారు. 1831లో ఇంగ్లండులోని బ్రాటన్ వేలాడే వంతెన, దాని సహజమైన ఊపుతో సైనికుల అడుగుల లయ కలిసి ఊపు పెరగడం వలన, అంటే అనునాదం వలన, లోపమున్న బోల్టు విరిగి కూలిపోయింది.