తవ్వకుండా వెతికే నిధి

సూరత్ నుంచి రహదారి ఎక్కేవాళ్లకు కామ్‌రేజ్ అంటే చార్ రస్తా. ముంబై వైపు ఒకటి, అహ్మదాబాద్ వైపు ఒకటిగా చీలిపోయే లారీలు, బస్సుల కోసం మూటాముల్లెతో నిలబడ్డ జనం. తెలంగాణ పల్లెల నుంచి మగ్గాల పనికి సూరత్ వచ్చి స్థిరపడిన మనవాళ్లకూ ఈ దారి కొత్త కాదు. అయితే తాపీ నది ఒడ్డున ఉన్న ఈ ఊరు ఒకప్పుడు రేవు అన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

ఒకటో శతాబ్దంలో ఒక వర్తకుడు గ్రీకులో ‘పెరిప్లస్’ అనే సముద్రయాన మార్గదర్శి రాశాడు. భరుచ్ రేవుకు వెళ్లే ఓడలు ఏ రాళ్ల మేటను తప్పించుకోవాలో హెచ్చరిస్తూ, దానికి ఎదురుగా కమ్మోని అనే ఊరుందని గుర్తు చెప్పాడు. ఆ కమ్మోని కామ్‌రేజేనని కొందరు పరిశోధకుల అభిప్రాయం. 2003లో పురావస్తు పరిశోధకుడు సునీల్ గుప్తా బృందం ఇక్కడ తవ్వకాలు జరిపింది. పశ్చిమాసియా నుంచి ఓడల్లో వచ్చిన మట్టిపాత్రల ముక్కలు బయటపడ్డాయి. ఆ కాలం నాటి గుజరాత్ కుండపెంకు ఒకటి చూడండి: పైన ఎర్రగా, నున్నగా మెరుగుపెట్టిన పూత, విరిగిన అంచున సన్నని మట్టి. బజారులో దానికి కానీ విలువ లేదు. ఏ పొరలో దొరికిందో తెలిస్తేనే అది మాట్లాడుతుంది, చోటు మారిందా మూగబోతుంది.

అందుకే, దాచిన డబ్బాను జీపీఎస్ సాయంతో వెతికే జియోక్యాషింగ్ ఆట ఇలాంటి ఊళ్లకు రావాలని నాకు ఆశ, వచ్చే తీరు గురించి బెంగ. 2000 మే 2న అమెరికా తన జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలిపే తప్పును తీసేసింది. మర్నాడే ఒరెగాన్‌లో డేవ్ ఉల్మర్ ఒక బకెట్‌లో కొన్ని వస్తువులు పెట్టి చెట్ల మధ్య దాచి, అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో ప్రకటించాడు. వెతికినవాడు డబ్బాలోని పుస్తకంలో పేరు రాసి, ఒక వస్తువు తీసుకుంటే ఇంకొకటి పెట్టి రావాలి. అలా మొదలైన ఆట ప్రపంచమంతా పాకింది.

మన దగ్గర నిధి అనగానే గునపం గుర్తొస్తుంది. గుప్తనిధుల పిచ్చితో పాత గుళ్లలో నందుల్ని పెకలించినవాళ్లు, గర్భగుడి తవ్వినవాళ్లు తెలుగు నేలలో తక్కువేం కాదు. భూమిలో దాగిన 10 రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఉన్నా వాళ్లకు పట్టదు. అనుమతి లేకుండా నేల తవ్వరాదన్నది జియోక్యాషింగ్ నియమం. రక్షిత ప్రాంతాలకు ఇది కూడా చాలదు. డబ్బా కోసం పదిమంది తొక్కితే కొత్త కాలిబాట పడుతుంది, వానకు అదే గండి అవుతుంది.

దానికి మందు ఎర్త్‌క్యాష్. 2004 నుంచి ఉన్న ఈ పద్ధతిలో డబ్బా ఉండదు. చెప్పిన చోటికి వెళ్లి, నేలను చూసి, అడిగిన ప్రశ్నలకు జవాబు పంపాలి. విశాఖ, భీమిలి మధ్య ఉన్న ఎర్రమట్టి దిబ్బలకు ఇంతకంటే తగిన ఆట లేదు. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొంది, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కిన ఆ దిబ్బలు వేల ఏళ్లుగా సముద్రం ముందుకీ వెనక్కీ జరిగిన కథను మోస్తున్నాయి. అక్కడి ఇసుక రేణువును భూతద్దంలో చూస్తే ఎరుపంతా పైపూతే, ఇనుము తుప్పు. లోపలిది మామూలు పలుగురాయి. ఆ మాట కనిపెట్టిన పిల్లవాడికి పిడికెడు ఇసుక ఇంటికి తెచ్చుకోవాల్సిన పని లేదు.

కామ్‌రేజ్‌లో అయితే నేను అడగాలనుకునే ప్రశ్నలివి. తాపీ ఏ ఒడ్డును కోస్తోంది, ఏ ఒడ్డున మేట వేస్తోంది? కోసిన గట్టులో ఎన్ని రంగుల పొరలు కనిపిస్తున్నాయి? ఒండ్రు ఎంత మెత్తన? ఓడ పట్టేంత లోతు ఎక్కడ ఉండి ఉంటుంది? ఫోనులో 21.27 ఉత్తర అక్షాంశం, 72.96 తూర్పు రేఖాంశం కొడితే ఈ ప్రాంతం వస్తుంది. గట్టు అంచుకు మాత్రం పోవద్దు, అది విరిగిపడే ఒండ్రుమట్టి. వానాకాలంలో ఎగువన ఉకాయి ఆనకట్ట గేట్లు ఎత్తితే నది నిండుగా పారుతుంది, కాబట్టి చలికాలంలో వెళ్లడం మేలు.