అల్లికలో తప్పిన లెక్కలు

కొయ్యూరు వంటి మన్యపు ఊళ్లలో మార్గశిరము వచ్చెనన్న ఊలుకు పని తగులును. స్వెట్టరు అల్లుట చూచుటకు చేతిపనియే గాని నిజమునకు లెక్కల పని. అంగుళమునకు 5 కుట్లు పడునని నమ్మి, 36 అంగుళముల ఛాతీకి సూదిపై 180 కుట్లు ఎక్కింతురు. చేయి వదులై అంగుళమునకు నాలుగే పడినచో చుట్టుకొలత 45 అంగుళములగును. కుమారునికని మొదలిడినది పెదనాన్నగారి బొజ్జకు సరిపోవును! ముందుగా చిన్న నమూనా అల్లి కొలుచు ఓపిక ఎందరికి కలదు? ముందు తెరచు స్వెట్టరునకు రెండు భాగములును కుడివైపువే అల్లినవారు కలరు. జారిన ఒక్క కుట్టు నిచ్చెనమెట్లవలె క్రిందివరకు దిగుట మరియొక వినోదము.

కొక్కెపు సూదితో అల్లు గుండ్రని లేసుది వేరు గణితము. వ్యాసముతోపాటు చుట్టుకొలతయు పెరుగవలెను గదా! వరుసవరుసకు చేర్చు కుట్లు తగ్గెనా, బల్లపై పరవవలసినది టోపీయగును. మించెనా, అంచు కుచ్చిళ్లు పోవును.

ఇంటిలో నైన ఇది నవ్వులాట. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన నరసాపురపు లేసు పనిలో అట్లు కాదు. అక్కడి స్త్రీలకు దళారుల చేతిమీదుగా పనికింత అని దక్కు కూలి ఎంత స్వల్పమో మరియా మీస్ 1982 నాటి తమ గ్రంథమున వివరించిరి. టోపీయైన లేసును విప్పి మరల అల్లిన శ్రమకు ఆ లెక్కలో కూలి లేదు.