జనరేటరు తాడు మన చేతికి లొంగాలి!

"కరెంటు పోయింది" అన్న మాట మనకేం కొత్త కాదు. ఉక్కపోతలో విసనకర్ర వెతుక్కోవడం, పిల్లల చదువుకి కొవ్వొత్తి ముట్టించడం మన తరం ఆడవాళ్ళందరికీ అలవాటైన పనులే. ఇప్పుడు చాలా ఇళ్ళలో ఇన్వర్టరు ఉంటోంది కాబట్టి గంటా రెండు గంటల కోతని ఎవరూ పెద్దగా లెక్కచెయ్యడం లేదు. కానీ కోత వేరు, తుపాను వేరు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా విశాఖపట్నం మీద విరుచుకుపడ్డప్పుడు ఆ తేడా మా ఊరి ఇల్లాళ్ళందరికీ తెలిసొచ్చింది. స్తంభాలు నేలకొరిగాయి. చాలా పేటలకి రోజుల తరబడి కరెంటు లేదు. మా ఇంట్లో ఇన్వర్టరు మొదటి రాత్రే చేతులెత్తేసింది. మోటారు తిరగదు కనుక మేడమీద ట్యాంకు ఖాళీ. వీటన్నిటికంటే పెద్ద బెంగ ఫ్రిజ్‌లో ఉన్న మా అత్తయ్యగారి ఇన్సులిన్ గురించి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న మా ఆడపడుచు వాళ్ళదీ ఇదే అవస్థ.

హుద్‌హుద్ తర్వాత మేమొక చిన్న పెట్రోలు జనరేటరు కొన్నాం. మావారిది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. అందుకని దాన్ని స్టార్ట్ చెయ్యడం దగ్గర్నుంచి ఆయిలు మార్చడం దాకా అన్నీ నేనే చూసుకుంటున్నాను. ఇన్నేళ్ళలో నాకు బోధపడిన సంగతి ఒక్కటే. ఇంట్లో ఉండే ఆడమనిషి ఒక్కత్తీ కదిపి, తాడు లాగి, నడిపి, ఆపగలిగినదే ఇంటికి పనికొచ్చే జనరేటరు. అది ఏ కంపెనీది అన్నదానికంటే, దాన్ని ఎక్కడ పెట్టామన్నది ముఖ్యం.

ఇన్వర్టరా? జనరేటరా?

మొదట తేల్చుకోవాల్సింది ఇదే. మీ ఊళ్ళో రోజుకి రెండు మూడు గంటల కోతే తప్ప వేరే ఇబ్బంది లేదంటే ఇన్వర్టరు చాలు. 150 ఎ.హెచ్. బ్యాటరీ ఒకటి మంచి స్థితిలో ఉంటే, 300 వాట్ల వాడకానికి సుమారు నాలుగు గంటలు వస్తుంది. చప్పుడు లేదు, పొగ లేదు. అప్పుడప్పుడు డిస్టిల్డ్ వాటరు పోస్తూ, గాలి తగిలేచోట ఉంచితే సరిపోతుంది.

బ్యాటరీకి మళ్ళీ ప్రాణం రావాలంటే కరెంటు రావాలి కదా! ఆ కరెంటే నాలుగు రోజులు రాకపోతే అప్పుడు జనరేటరు కావాలి. తీరప్రాంతం వాళ్ళకీ, ఇంట్లో మందుల మీదా మిషన్ల మీదా ఆధారపడిన పెద్దవాళ్ళున్నవాళ్ళకీ దీని అవసరం ఎక్కువ. ఖర్చు మాత్రం తక్కువేం కాదు. లీటరు పెట్రోలుకి ఒకటిన్నర యూనిట్ల కరెంటు వస్తే గొప్ప. లీటరు వంద రూపాయలు దాటిన ఈ రోజుల్లో ఒక్కో యూనిట్ ఎంత పడుతుందో మీరే లెక్కవేసుకోండి. అందుకే దీన్ని ఆపద్ధర్మంగా వాడుకోవాలి గానీ రోజూ వాడకానికి కాదు.

కాగితం, పెన్సిలు తీసుకోండి

షాపుకి వెళ్ళేముందు, కరెంటు లేనప్పుడు ఏవి లేకపోతే మీకు నిజంగా గడవదో రాసుకోండి. ఏవి ఉంటే బావుంటుందో కాదు, ఏవి లేకపోతే గడవదో! మా లిస్టు ఇదీ: ఎల్.ఇ.డి. బల్బులు నాలుగు, ఒక్కోటి 9 వాట్లు. ఫ్యాన్లు మూడు, ఒక్కోటి 75 వాట్లు. సెల్‌ఫోన్ల ఛార్జర్లు ఓ 30 వాట్లు. ఫ్రిజ్ సుమారు 200 వాట్లు. మొత్తం 500 వాట్ల లోపే.

"అయితే 500 వాట్ల జనరేటరు చాలుగా" అంటారేమో. ఇక్కడే ఒక మెలిక ఉంది. ఫ్రిజ్, నీళ్ళ మోటారు లాంటివి తిరగడం మొదలెట్టిన ఆ క్షణంలో మామూలుకంటే మూడు నాలుగు రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతాయి. 200 వాట్ల ఫ్రిజ్ ఆ ఒక్క క్షణం 800 వాట్లు అడగొచ్చు. అంత ఇవ్వలేకపోతే జనరేటరు ఆగిపోతుంది.

ఇంకొక సంగతి. జనరేటరు మీద 'కె.వి.ఎ.' అని రాసి ఉంటుంది. మామూలు లెక్కకి దాన్ని 0.8తో గుణిస్తే కిలోవాట్లు వస్తాయి. అంటే 2 కె.వి.ఎ. అంటే సుమారు 1600 వాట్లు. అందులోనూ ఎప్పుడూ మూడు వంతులకి మించి వాడకుండా ఉంటే ఇంజనుకి మంచిది. మా లిస్టు లాంటిదానికి 2 కె.వి.ఎ.ది హాయిగా సరిపోతుంది. ఒక హెచ్.పి. నీళ్ళ మోటారు కూడా తిప్పాలంటే 3 కె.వి.ఎ. లేదా ఆ పైది చూసుకోవాలి. గీజరు, ఇస్త్రీపెట్టె, ఇండక్షన్ పొయ్యి, ఏసీ జోలికి పోకపోవడమే మేలు. ఆ నాలుగు రోజులూ నీళ్ళు గ్యాసు మీదే కాచుకుందాం!

"సారుని తీసుకురండమ్మా!"

నేను అడిగిన మొదటి షాపులో కుర్రాడు నాకు మిషను చూపించనే లేదు. "సారు వస్తే వివరంగా చెప్తామండీ" అన్నాడు. "సారు ఊళ్ళో ఉండరు బాబూ, నడిపేది నేనే" అని చెప్పినా వినిపించుకోలేదు. రెండో షాపులో నాలుగుసార్లు నా చేతే తాడు లాగించి చూపించారు. అక్కడే కొన్నాను. మీరూ అలాగే అడగండి. లాగి చూడకుండా డబ్బు కట్టొద్దు.

బరువు కూడా చూసుకోండి. మనం రోజూ జరిపే నిండు గ్యాస్ బండ సుమారు 30 కిలోలు. 'ఇన్వర్టర్ జనరేటరు' అని అమ్మేవాటిలో 1 కె.వి.ఎ.ది 13 కిలోలు, 2 కె.వి.ఎ.ది 20 కిలోల చిల్లర ఉంటుంది. పేరు చూసి ఇంట్లో ఉండే బ్యాటరీ ఇన్వర్టరుతో కలగాపులగం చేసుకోకండి. ఇది పెట్రోలుతోనే నడుస్తుంది. వాడకం తక్కువైతే ఇంజను వేగం తగ్గించుకుంటుంది కాబట్టి చప్పుడూ, పెట్రోలు ఖర్చూ తక్కువ. కరెంటు నిలకడగా వస్తుంది గనుక టీవీ, కంప్యూటరు లాంటివాటికి బెడద ఉండదు. ధర మాత్రం ఎక్కువ. మామూలు రకం 2, 3 కె.వి.ఎ. మిషన్లు ధరలో తక్కువే గానీ 40 కిలోల పైచిలుకు ఉంటాయి, చక్రాలుంటే తప్ప మన వల్ల కాదు. ఆయిలు తగ్గితే ఇంజను దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉందా, విడిభాగాలూ మెకానిక్కూ మీ ఊళ్ళోనే దొరుకుతారా అన్నవి కూడా అడిగి తెలుసుకోండి.

కిటికీ దగ్గర వద్దు, వరండాలో అసలే వద్దు

ఇది మాత్రం రెండుసార్లు చదవండి. జనరేటరు పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టుండడం, నీరసం, ఇవీ మొదటి గుర్తులు. నిద్రలో ఉన్నవాళ్ళకి ఆ గుర్తులు కూడా తెలియవు. అలాగే ప్రాణం పోతుంది.

2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో మంచు తుపానుకి లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది. మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్న చోటది. చలికి తట్టుకోలేక గ్యారేజీల్లో కార్లూ, ఇళ్ళ పక్కనే జనరేటర్లూ నడిపి, ఇళ్ళలో బొగ్గులు రాజేసి వందలమంది ఈ వాయువు వల్ల ఆస్పత్రుల పాలయ్యారు. కొందరు చనిపోయారు. అక్కడ చలి, ఇక్కడ వాన. జనరేటరుని గోడల మధ్యకి తెచ్చుకోవాలనిపించే బలహీనత మాత్రం ఎక్కడైనా ఒక్కటే.

కాబట్టి జనరేటరు ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయట ఉండాలి. పొగగొట్టం మన కిటికీ వైపు గానీ, పక్కింటివాళ్ళ కిటికీ వైపు గానీ ఉండకూడదు. మెట్ల కింద, బాల్కనీలో, షెడ్డులో తలుపు తెరిచిపెట్టి నడిపినా ప్రమాదమే. వాన పడుతుంటే, నాలుగు పక్కలా తెరిచి ఉన్న రేకుల పందిరి కింద ఎత్తైన చోట పెట్టాలి. తడిచేతులతో ముట్టుకోకూడదు. పడుకునేముందు ఆపేయడం మంచి అలవాటు. ఈ వాయువుని కనిపెట్టి మోగే బ్యాటరీ అలారాలు దొరుకుతున్నాయి, పడకగదిలో ఒకటి పెట్టుకోండి. ఎవరికైనా తల తిరుగుతోందంటే ముందు ఇంట్లో అందరినీ బయట గాలిలోకి తీసుకురండి, వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

"మాది ఇరుకు సందు, 20 అడుగుల జాగా ఎక్కడిది?" అంటారా? అయితే డాబా మీద మెట్లగది తలుపుకి దూరంగా పెట్టే వీలుందేమో చూడండి. అదీ లేకపోతే జనరేటరు మానేసి ఇన్వర్టరుకి రెండో బ్యాటరీయో, డాబా మీద సోలారు పలకలతో ఛార్జయ్యే బ్యాటరీయో పెట్టుకోండి. అపార్టుమెంటు అయితే అసోసియేషన్ వాళ్ళతో మాట్లాడి అందరికీ కలిపి కింద ఒకటి పెట్టించుకోవడమే దారి.

లైన్‌మన్‌కీ ఇల్లాలుంటుంది

మాకు వైరింగు చేసిన ఎలక్ట్రీషియన్ "రెండువైపులా ప్లగ్గున్న వైరు చేసిస్తానమ్మా, గోడ సాకెట్‌లో గుచ్చితే ఇల్లంతా వెలుగుతుంది" అన్నాడు. వద్దన్నాను. అలా చేస్తే మన జనరేటరు కరెంటు మెయిను దాటి వీధి లైన్లోకి ఎదురు వెళ్ళగలదు. అక్కడి ట్రాన్స్‌ఫార్మరు తలకిందులుగా పనిచేసి దాన్ని 11 వేల వోల్టుల లైనుకి ఎక్కించగలదు. మనకి కరెంటు తెప్పించాలని వానలో స్తంభమెక్కిన లైన్‌మన్, లైన్లో కరెంటు లేదనుకుని తీగ పట్టుకుంటాడు. ఆ తర్వాత చెప్పేదేముంది?

సరైన పద్ధతులు రెండే. ఒకటి, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత ఛేంజోవర్ స్విచ్చి పెట్టించుకోవడం. అప్పుడు ఇంటికి వీధి కరెంటో, జనరేటరు కరెంటో ఏదో ఒకటే వస్తుంది. రెండోది, మందపాటి ఎక్స్‌టెన్షన్ వైరు లాగి ఫ్రిజ్, ఫ్యాను నేరుగా దానికి పెట్టుకోవడం. వైరు చుట్ట పూర్తిగా విప్పాలి, లేకపోతే వేడెక్కి కాలుతుంది.

తాడు లాగే వేళ

మొదట ఆయిలు, పెట్రోలు చూడండి. జనరేటరుకి ఏ వస్తువూ తగిలించి ఉండకూడదు. పెట్రోలు కాక్ తిప్పి, చోక్ వేసి, స్విచ్చి ఆన్ చెయ్యండి. తాడుని ముందు మెల్లగా, బిగువు తగిలేదాకా లాగండి. అక్కణ్ణుంచి ఒక్క ఊపున లాగండి. బలం కంటే ఒడుపు ముఖ్యం, పెరుగు చిలికే కవ్వంలాగే! ఇంజను అందుకున్నాక చోక్ నెమ్మదిగా తియ్యండి. రెండు మూడు నిమిషాలాగి ముందు ఫ్రిజ్, అది కుదుటపడ్డాక ఫ్యాన్లు, లైట్లు వెయ్యండి. ఆపేటప్పుడు అన్నీ తీసేసి, కాసేపు ఖాళీగా తిరగనిచ్చి ఆపండి. ఎంత లాగినా స్టార్ట్ కాకపోతే మెకానిక్కుని పిలిచేముందు ఆయిలు మరోసారి చూడండి. చాలాసార్లు లోపం అక్కడే ఉంటుంది.

ఫ్రిజ్‌కి రోజంతా నడపక్కర్లేదు. తలుపు తియ్యకుండా ఉంటే చల్లదనం సుమారు నాలుగు గంటలు నిలుస్తుంది. మూడు నాలుగు గంటలకోసారి గంటసేపు నడిపితే పెట్రోలూ కలిసొస్తుంది. ఇన్సులిన్ వాడేవాళ్ళుంటే, కరెంటు లేనప్పుడు దాన్ని ఎలా ఉంచాలో మీ డాక్టరుగారిని ముందే అడిగి రాసి పెట్టుకోండి.

నెలకో ఇరవై నిమిషాలు

జనరేటరు వాడితే చెడదు, వాడకపోతేనే చెడుతుంది. నెలకోసారి ఇరవై నిమిషాలు రెండు ఫ్యాన్లు వేసి నడపండి. నేను ప్రతి నెలా మొదటి ఆదివారం ఈ పని పెట్టుకున్నాను. కొత్తదానికి మొదటి 20 గంటలకి, ఆ తర్వాత సుమారు 100 గంటలకి లేదా ఆర్నెల్లకి ఆయిలు మార్చాలి. ఏ ఆయిలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. స్పాంజి రకం ఎయిర్ ఫిల్టరుని సబ్బునీళ్ళలో ఉతికి, నీడన ఆరబెట్టి, కాస్త ఆయిలులో ముంచి పిండి పెట్టాలి. దుమ్ము ఎక్కువున్న ఊళ్ళో ఇంకా తరచుగా చెయ్యాలి. స్పార్క్ ప్లగ్ మీద మసి తుడుస్తూ ఉండాలి.

పెట్రోలు నెలల తరబడి ట్యాంకులో ఉంటే జిగురు కట్టి కార్బురేటరుని మూసేస్తుంది. పైగా ఇప్పుడు బంకుల్లో అమ్మే పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది, అది తేమని పీల్చుకుంటుంది. అందుకే పక్కన పెట్టేముందు కాక్ మూసి, ఇంజను దానంతటది ఆగేదాకా నడపండి. చాలాకాలం వాడేది లేకపోతే ట్యాంకు కూడా ఖాళీ చెయ్యండి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజునే కొద్దిపాటి పెట్రోలు ఇనుప డబ్బాలో తెచ్చుకోవాలి. తర్వాత బంకులు పనిచెయ్యవు, పనిచేసినా క్యూలు. ఆ డబ్బాని వంటింటికీ, దీపానికీ, పిల్లలకీ దూరంగా ఉంచండి. నీళ్ళ సీసాల్లో మాత్రం పొయ్యొద్దు. ఇంజను ఆపి, పదిహేను నిమిషాలు చల్లారాకే పెట్రోలు పోయాలి.

ఇవన్నీ మగవాళ్ళ పనులని వదిలెయ్యకండి. తుపాను ఇంటాయన ఊళ్ళో ఉన్నారా లేరా అని చూసి రాదు. మిక్సీ, గ్రైండరు, వాషింగ్ మిషను నేర్చుకున్న చేతులకి ఇదో లెక్కా? ఈ ఆదివారం మీ అమ్మాయినీ, కోడలినీ కూడా పక్కన నిలబెట్టుకుని తలా ఒకసారి తాడు లాగించండి. అక్టోబరు, నవంబరు నెలలు వచ్చేలోగా ఇంట్లో ఇద్దరికైనా ఈ పని చేతనై ఉండాలి.