తెగిన కొస తప్పుగా అతికితే: క్రోమోజోములు ఎలా తారుమారవుతాయి?

నల్లపాడులో మా అక్కకి వరుసగా మూడుసార్లు గర్భం పోయింది. మాటలన్నీ అక్క మీదే. "మేనరికం కదా, అందుకే" అన్నవాళ్లూ ఉన్నారు. చివరికి డాక్టర్ గారు ఇద్దరికీ కార్యోటైప్ టెస్ట్ రాశారు. తేడా వచ్చింది బావ రిపోర్టులో! మనిషికి ఏ జబ్బూ లేదు, కానీ 46కి బదులు 45 క్రోమోజోములే. బావ చెప్పమన్నాడు కాబట్టే చెప్తున్నా. కోడ్ రాసుకునేవాణ్ణి, నాకేం తెలుసు? రాత్రంతా కూర్చుని చదివా.

క్రోమోజోము అంటే పొడుగాటి డీఎన్ఏ దారం. రేడియేషన్ వల్లో, కాపీ అయ్యేటప్పుడు పొరపాటు వల్లో దాని రెండు పోగులూ తెగుతుంటాయి. కణం ఊరుకోదు, అతికిస్తుంది. తొందర పద్ధతి ఒకటుంది: ఏ కొసలు దొరికితే అవి కలిపేయడం. పొలంలో రెండు బోర్ల కేబుళ్లు ఒకేసారి తెగాయనుకోండి, చీకట్లో దీని కొస దానికి కలిపేస్తే? అదే ట్రాన్స్‌లొకేషన్. ముక్క తిరగబడి అతికితే ఇన్వర్షన్, జారిపోతే డిలీషన్. ఇంకో దారీ ఉంది. డీఎన్ఏలో ఒకేలాంటి వరుసలు చాలాచోట్ల ఉంటాయి. అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడు క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి కదా, అప్పుడు ఒక వరుసని ఇంకోటనుకుని తప్పుచోట జతకడతాయి.

బావది రాబర్ట్‌సోనియన్ రకం. 13, 14, 15, 21, 22 నంబర్లవాటికి పొట్టి చేయి మరీ చిన్నది; అలాంటివి రెండు అతుక్కుని ఒకటవుతాయి. బావకి 13, 14 కలిశాయి. పోయిన ముక్కల్లోని జన్యువుల కాపీలు మిగతావాటిలో ఉంటాయి కాబట్టి ఆయనకి నష్టం లేదు. సుమారు వెయ్యిమందిలో ఒకరికి రాబర్ట్‌సోనియన్ ఉంటుంది. చిక్కంతా వీర్యకణాలకి పంచేటప్పుడే: ఒకటి ఎక్కువో తక్కువో వెళ్తే చాలాసార్లు గర్భం నిలవదు. ఇలా తెగి అతకడానికి మేనరికం కారణం కాదు. మేనరికంతో పెరిగే ముప్పు వేరు, ఇద్దరిలో దాగున్న ఒకే లోపపు జన్యువు బిడ్డలో కలవడం.

పుట్టాక కూడా ఇది జరగొచ్చు. ఎముక మజ్జలో ఒక్క కణంలో 9, 22 ముక్కలు మార్చుకుంటే సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్. ఆ పొట్టి క్రోమోజోము సంగతి 1960లో ఫిలడెల్ఫియాలో బయటపడింది; అది మార్పిడి వల్లేనని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. దాని మందు ఇమాటినిబ్‌ని హైదరాబాద్ నాట్కో తక్కువ ధరకి వీనాట్‌గా తెచ్చింది. నోవార్టిస్ పేటెంట్ వాదన 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టులో వీగిపోయింది. నాట్కో పెట్టిన నన్నపనేని వెంకయ్య చౌదరి గారిది మన గుంటూరు జిల్లానే, తెలుసా!

అక్కకి ఇప్పుడు ఐదో నెల. ఉమ్మనీరు టెస్ట్ రిపోర్టు వచ్చేవారం వస్తుంది. తనే వెళ్లి తెస్తానన్నాడు బావ.