ఒక యంత్రమున రెండు పైథానులు

కామారెడ్డిలోనొక పాత కంప్యూటరుపై వ్రాసిన ప్రోగ్రామును విద్యార్థి ఎల్లారెడ్డిలోని తన యింటికిఁ గొనిపోయి క్రొత్త యంత్రముపై నడపఁజూచును. అది మొదటనే నిలిచిపోవును. ఒక్క యక్షరమైన మాఱలేదు. తలిదండ్రులు యంత్రము చెడెనని తలఁతురు. కాని యంత్రమునకు రోగమేమియు లేదు, అందలి భాష వేఱు.

పైథాన్ అను భాషను నెదర్లాండ్సు దేశీయుఁడగు గీడో వాన్ రాసమ్ 1991లో వెల్లడించెను. 2008 డిసెంబరులో వెలువడిన మూఁడవ పైథాన్ రెండవదానితోఁ బూర్తిగాఁ బొసఁగదు. ప్రింట్ అను మాట వెనుకఁ గుండలీకరణములు లేకున్నను బాతది యూరకుండును. క్రొత్తది తప్పు పట్టును. 7ను 2చే భాగింపుమన్నచోఁ బాతది 3 అనియుఁ గ్రొత్తది 3.5 అనియుఁ జెప్పును. ఈ రెండవ భేదమే మిక్కిలి యపాయకరమని మేము తలఁతుము. తప్పు పట్టిన యంత్రము మేలే చేసినది. నోరు మెదపక వేఱు జవాబిచ్చినది మార్కుల సరాసరినే చెఱుపును. పాతదానికి 2020 జనవరి 1తోఁ బోషణ నిలిచినది గనుక, ప్రోగ్రామునే దిద్దుకొనుట మేలు.

అట్లుగాక పాత పైథాన్‌ను గూడఁ దెచ్చి పెట్టినచో నింకొక చిక్కు. యంత్రము పాత్ అను జాబితాలోని చోట్లను వరుసగా వెదకి, మొదట దొరకినదానినే లేపును. పడమటనున్న ఎల్లారెడ్డికిఁ బోవలసినవాఁడు పేరు సగము విని తూర్పుననున్న ఎల్లారెడ్డిపేట బస్సెక్కినట్లగును. విండోసులోఁ గమాండ్ ప్రాంప్టు తెఱచి 'వేర్ పైథాన్' అని యింగ్లీషున వ్రాసినచో జాబితాలోఁ గనఁబడినవన్నియు వరుసగా వచ్చును. మొదటిదే మీ పిలుపునకుఁ బలుకుచున్నది. మూఁడవదానినే పిలువఁగోరినచో 'పీ', 'వై' అను రెండక్షరములు వ్రాసి, ఖాళీ విడిచి, అడ్డగీఁటును 3 అంకెను జేర్పవలెను.

గ్రంథాలయమును 'పిప్' ద్వారా స్థాపించినను లేదని యంత్రము మొఱపెట్టుటయుఁ గలదు. అది రెండవ యింట దిగిన సామాను వంటిది! పిప్‌ను విడిగాఁ బిలువక, నడపఁబోవు పైథాన్ ద్వారానే పిలిచినచో నీ బాధ తీఱును. 2012లో వచ్చిన 3.3 మొదలుకొని 'వెన్వ్' అను సదుపాయముకూడఁ గలదు. దానిచే నొక్కొక్క పనికిఁ బ్రత్యేకమగు సంచియుఁ బ్రత్యేకమగు గ్రంథాలయములు నేర్పడును.

లినక్సు వాడువారు మాత్రము యంత్రముతో వచ్చిన పైథాన్‌ను దొలఁగింపరాదు. ఆ యంత్రపు సొంతపనులు పెక్కు దానిపై నాధారపడియుండును.